ఒతామా ఎడమవైపు తిరిగినప్పుడు

తెంగచాయ స్టేషను వెనక సందులో ఇసోనొ తొమెకి చిన్న అట్ల దుకాణం ఉండేది. వాన కురిసే సాయంత్రాల్లో ఇనప పెనం మీద కాబేజీ, పిండి, పంది మాంసం కలిసి చేసే చప్పుడు బయటి వాన చప్పుడులో కలిసిపోయేది. ఏది వాన, ఏది వంట అని చెప్పడం కష్టం. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన కూతురు చిగుసా, పెద్దయ్యాక చప్పుడు లేని పని వెతుక్కుంది. చుక్కలు పెట్టే పని.

నంబా దగ్గర ఒక చిన్న ఆటల కంపెనీలో ఆమె బొమ్మలు వేసేది. ముందు గళ్ల కాయితం మీద పెన్సిలుతో, తరువాత తెర మీద, ఒక్కో గడిలో ఒక్కో రంగు చుక్క. దూరంనుంచి చూస్తే అది కన్ను. దగ్గరికి జరిగితే కొన్ని నల్ల చుక్కలు, వాటి మధ్య ఒకే ఒక తెల్ల చుక్క. ఆ తెల్ల చుక్క చోటు దొరికేదాకా బొమ్మ ఊపిరి తీసుకోదు. దొరికిన రోజు చిగుసా కూనిరాగం తీస్తూ ఇంటికి వచ్చేది.

షోవా చక్రవర్తి కాలం చివరి రోజులవి. ఆ ఏడు కంపెనీ తయారుచేస్తున్న ఆట పేరు 'దయ్యాల సంత'. అర్ధరాత్రి పాత అంగడి వీధిలో లాంతరు దయ్యాలు, ఒంటికాలి గొడుగులు, నవ్వే కుండలు సంతకి దిగుతాయి. ఒతామా అనే వంటావిడ అన్నం తెడ్డు ఎక్కి గాలిలో ఎగురుతూ, మంత్రం రాసిన చీటీలు విసిరి వాటిని సాగనంపుతుంది. మామూలుగా ఇలాంటి ఆటల్లో నాజూకు పిల్లలుంటారు. ఒతామా మాత్రం పొట్టి, బొద్దు, అరవై దాటిన మనిషి. ఎడమ కంటికింద ఒక పుట్టుమచ్చ. ఆ మచ్చ ఎవరిదో చిగుసా కంపెనీలో ఎవరికీ చెప్పలేదు.

ఆట పూర్తికావస్తుండగా, జనం ఎలా ఆడతారో చూడడానికి ఒక యంత్రాన్ని తెంగచాయ బజారులోని ఆటలశాలలో పెట్టారు. చిగుసా ఆ మధ్యాహ్నమే తల్లిని తీసుకెళ్లింది. తొమె కిమోనో మీద తెల్లని వంట అంగీ కూడా విప్పకుండా వచ్చింది.

"చూడమ్మా, నీ మచ్చ."

"మచ్చ సరేనే. మరీ అంత లావా నేను?"

"చుక్కలు తక్కువ పెట్టాను. లెక్క ప్రకారం ఇంకా పెట్టాలి."

తొమె కూతురి నెత్తిమీద ఒకటి వేసింది గాని, మొహం మాత్రం నూనె రాసిన పెనంలా వెలిగిపోతోంది. చిగుసా ఆడుతుంటే భుజం మీదుగా చూస్తూ, ప్రతి దయ్యానికీ "పో, పో" అని చెయ్యి విసురుతోంది. ఇంతలో వెనకనుంచి ఒక గొడుగు దయ్యం దూసుకొచ్చింది. ఒతామా గిరుక్కున ఎడమవైపు తిరిగింది.

తొమె కూతురి మణికట్టు పట్టుకుంది. "ఆపు. మళ్లీ తిప్పు."

కుడికి తిరిగింది ఒతామా. తిరిగి ఎడమకి. తొమె చెయ్యి తన మెడ దగ్గరి అంచు మీదికి వెళ్లింది.

"ఒసే, నన్ను చంపేశావు కదే!"

చిగుసా అప్పుడు చూసింది. కిమోనో కట్టినప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేది ఒక్కరికే, శవపెట్టెలో పడుకోబెట్టిన మనిషికి. చిగుసా ఒతామాను కుడివైపు తిరిగినట్టు మాత్రమే గీసింది. ఎడమవైపు బొమ్మను యంత్రమే అద్దంలోలా తిప్పి చూపిస్తుంది; అలా అయితే ఆటను దాచే చిప్పులో చోటు కలిసొస్తుంది. అద్దం మచ్చను ఇటునుంచి అటు మార్చింది, తెడ్డును మార్చింది, వాటితోపాటు కిమోనో అంచునూ మార్చేసింది. ఎడమకి తిరిగిన ప్రతిసారీ ఒతామా శవం కట్టులో, చిరునవ్వుతో ఎగురుతోంది.

"ఈ ఏడు నాకు అరవై ఒకటి, తెలుసా? ఆడవాళ్లకి కీడు తెచ్చే ఏడు! సుమియోషి గుడిలో కీడు తీయించుకుని, చలిలో వణుక్కుంటూ ఇంటికొచ్చానే. ఇక్కడ నువ్వు, కన్న కూతురివి, నన్ను పాడె ఎక్కించి ఊరంతా తిప్పుతున్నావు."

"అమ్మా, అది..."

"కట్టయినా సరిచెయ్, లేకపోతే ఆ మచ్చ తుడిచెయ్. నా మొహం పెట్టుకుని చచ్చినదాని బట్టల్లో అది తిరగడానికి వీల్లేదు." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "రాత్రికి అన్నం తినడానికి రా. కోపం వేరు, అన్నం వేరు."

ఆటకు ప్రోగ్రాము రాసే కుగిమియాకి మర్నాడు ఈ సంగతి చెబితే ముందు పగలబడి నవ్వాడు. తరువాత తెర మీద ఒతామాను ఎడమకి తిప్పి, నవ్వు ఆపి, తన చొక్కా కాలరు తడుముకుని, ఎప్పటిలాగే ఆమెను ఇంటిపేరుతో పిలిచాడు.

"ఇన్ని నెలలుగా ఆడుతున్నాను ఇసోనొ, ఒక్కసారీ కనిపించలేదు. దయ్యాల్ని చూస్తాం గాని ఆవిణ్ణి ఎవడు చూశాడు?"

"ఎడమవైపు బొమ్మలు విడిగా గీస్తాను."

"గీసి ఎక్కడ పెడతావు? నా నెత్తిన పెట్టు, చిప్పులో చోటు లేదు. మచ్చ తీసెయ్. ఒక్క చుక్కేగా."

"ఒక్క చుక్కే. కానీ అది మా అమ్మ."

కుగిమియా గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. ఆటనంతా ఎక్కించి చిప్పులు తయారుచేసే రోజు దగ్గర్లోనే ఉంది. ఆ తరువాత చుక్క అటూ ఇటూ కదలదు.

సరిగ్గా ఆ వారమే అమెరికాలో ఆట కొంటామన్నవాళ్ల దగ్గరనుంచి ఫాక్స్ వచ్చింది. కుగిమియా దాన్ని పట్టుకుని గట్టిగా చదివాడు. "ముసలావిడ చెంచా మీద ఎందుకు కూర్చుంది? ఆమె విసిరే కాయితాలు మతానికి సంబంధించినవా? అయితే కుదరదు."

"ఏం రాద్దాం?" అంది చిగుసా.

"దుకాణం కరపత్రాలని రాస్తాను."

"కరపత్రం చూసి దయ్యాలు పారిపోతాయా?"

"లోపల ధరలుంటాయిగా."

ఇద్దరూ నవ్వారు. ఫాక్స్ చివర ఇంకో సంగతి ఉంది. ఆటలోని శ్మశానం ఘట్టంలో శిలువలు, శవపేటికలు, దేవదూతలు తీసెయ్యాలి. కుగిమియా గొంతు తగ్గించాడు. ఆ ఘట్టం చిగుసా ప్రాణం. ఆదివారాలు కోబె కొండెక్కి, విదేశీయుల శ్మశానం గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడి గీసుకొచ్చిన బొమ్మలవి. పొగమంచు, తడిసిన రాయి, రెక్కలు ముడిచిన ఒక రాతి దేవదూత. ఒతామా పక్కనుంచి వెళుతుంటే ఆ దేవదూత మెల్లగా తల తిప్పి చూస్తుంది. అంతే. కాల్చదు, వెంటపడదు. ఊరికే చూస్తుంది.

"దిగులు పడకు. అమెరికాకి వేరే చిప్పులు చేస్తాం. మన దగ్గర నీ దేవదూతలు అలాగే ఉంటాయి."

చిగుసా కిటికీలోంచి చూసింది. కింద నంబా వీధిలో గొడుగులు ఒకదాన్నొకటి రాసుకుంటూ నదిలా పోతున్నాయి.

"దేవదూతలు ఎంత చోటు తింటాయి?"

"చాలా. ఆ తల తిప్పడమే..." అని కుగిమియా ఆగాడు. ఆమె అడుగుతున్నదేమిటో అప్పుడర్థమైంది. "ఇసోనొ. ఇక్కడ వాటిని తీసెయ్యమని ఎవరూ అడగలేదు."

"ఎడమవైపు ఒతామా అందులో పడుతుందా?"

"పడుతుంది. శ్మశానంలో ఏం పెడదాం?"

"మొదటి ఘట్టంలో బండరాళ్లున్నాయిగా. అవే వాడదాం. కొత్త చోటు అక్కర్లేదు."

ఆ సాయంత్రం తెర మీద దేవదూత ఆఖరిసారి మెల్లగా తల తిప్పి ఆమె వంక చూసింది. చిగుసా మీట నొక్కింది. దేవదూత పోయింది. పొగమంచు మాత్రం ఉండిపోయింది. దాన్ని తీసెయ్యమని ఏ దేశమూ అడగలేదు. ఆమె కొత్త గళ్ల కాయితం తీసి, తల్లి మెడ దగ్గరి అంచుతో పని మొదలుపెట్టింది.

చిప్పులు తయారై, ఆట మళ్లీ బజారుకి వచ్చిన రోజు తొమె యంత్రం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. దయ్యాల వంక కన్నెత్తి చూడలేదు.

"ఎడమకి తిప్పు. ఊఁ. ఇంకోసారి. మెడ దగ్గర కాస్త వదులుగా కట్టావు."

"చుక్కలు అయిపోయాయమ్మా."

"సర్లే. బతికే ఉన్నాను." అలా అని నాణెం వేసి తనే ఆడింది. మొదటి లాంతరు దయ్యమే ఆమెను పడగొట్టింది. "చూశావా, ఇలా చావడం పద్ధతి," అంది తృప్తిగా.

రాత్రి భోజనం దగ్గర దేవదూతల సంగతి చిగుసా నోటినుంచి జారింది. తొమె పెనం మీద అట్టు తిరగేసి, గరిటెతో సాసు రాసి, దాని మీద తెల్లని మయొనీసుతో ఏదో గీసి కూతురి ముందుకి తోసింది. పక్క బల్ల దగ్గర రోజూ కూర్చునే టాక్సీ డ్రైవరు హొరియుచి మెడ సాచి చూశాడు.

"కోడా, తొమె గారూ?"

"రెక్కలు కనిపించట్లా? దేవదూత. నువ్వు నోర్మూసుకుని నీ అట్టు తిను."

చిగుసా నవ్వుతూ ముందు రెక్కలు తింది. చివర తల.

శరత్కాలంలో అమెరికానుంచి ఆ ఆట పోస్టరు వచ్చింది. పేరు మారింది. తెడ్డు కత్తయింది. ఒతామా పాతికేళ్ల బంగారు జుట్టు పిల్ల అయింది. పుట్టుమచ్చ మాత్రం ఎందుకో ఉంచారు. అక్కడి చిత్రకారుడు ఎంతో శ్రద్ధగా, ప్రతి మడతా మెరిసేలా కిమోనో గీశాడు. కుడి అంచు పైకి.

చిగుసా దాన్ని దాచేద్దామనుకుంది గాని హొరియుచి ముందే చూసేశాడు. "తొమె గారూ, అమెరికాలో మిమ్మల్ని మళ్లీ చంపారు!"

తొమె పోస్టరు అందుకుని, చెయ్యి దూరంగా చాచి చాలాసేపు చూసింది. "చంపితే చంపారు. నడుము ఎంత సన్నం చేశారో చూడు," అని పిండి మరకల చేతులతోనే దాన్ని తీసుకెళ్లి కిటికీ అద్దానికి అంటించింది. బొమ్మ దుకాణం లోపలివైపు, తెల్లని వీపు వీధివైపు.

"బయటివాళ్లకి కనిపించదు కదమ్మా," అంది చిగుసా.

"నువ్వు బయటికెళ్లి చూడు."

చిగుసా సందులోకి వచ్చింది. పొద్దు వాలిపోతోంది. రైలు వెళ్లాక పట్టాల మీద ఇంకా సన్నని వెలుగు మిగిలి ఉంది. లోపల తొమె దీపం వేసింది. పలచని కాయితంలోంచి బంగారు జుట్టు పిల్ల మెల్లగా వీధిలోకి వచ్చింది, అద్దంలోలా అటుదిటుగా తిరిగి. మచ్చ ఇటు. కత్తి అటు. మెడ దగ్గర ఎడమ అంచు పైన, ఉండాల్సిన చోట.

"కనిపిస్తోందా?" లోపలినుంచి తొమె కేక.

"కనిపిస్తోంది."

"బతికే ఉన్నానా?"

"బతికే ఉన్నావు!"

"అయితే లోపలికి రా, అట్టు మాడుతోంది."