కొలెస్ట్రాల్‌కు ఒక్కపొద్దు

ఆ రోజుల్లో కొవ్వు అనేది పొట్ట ఉన్నవాళ్లకే వస్తుందని నా గట్టి నమ్మకం. నాకు పొట్ట మాట దేవుడెరుగు, ప్యాంటు నిలవాలంటే బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకోవాల్సి వచ్చేది. కోరుట్లలో ఫోన్ల దుకాణంలో అప్పుడే పనికి కుదిరాను. పక్క వీధిలో రక్తపరీక్ష ఉచితమంటే వెళ్లాను (ఉచితమంటే మేం దేన్నీ వదలం). కొలెస్ట్రాల్ ఉండాల్సినదానికి రెట్టింపు ఉందన్నారు. నేను నవ్వాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు. సిరిసిల్లలో సాంచాలు నడిపిన మా బాపు, జుట్టు నెరవకముందే, నడుస్తున్న మరమగ్గం పక్కన గుండె పట్టుకుని కూలిపోయాడు. "మటన్, కల్లే ఆయనను తిన్నయి. నిన్ను గట్ల పోనియ్య. రేపటి సంది ఒక్కపొద్దుండు" అంది.

మా దగ్గర ఒక్కపొద్దంటే అన్నం, మాంసం లాంటి నీసు ముట్టరు. మిగతావి ఎన్ని తిన్నా ఉపవాసం చెడదు. వారానికోసారి ఉండాల్సిన ఒక్కపొద్దును అమ్మ నాచేత రోజూ చేయించింది. పొద్దున పూరీలు, మధ్యాహ్నం డబ్బాలో నెయ్యి కారే కేసరి, సాయంత్రం డాల్డాలో వేయించిన గారెలు. "పాపం, కొడుకు ఏం తింటలేడు" అంటూ ఇంకో రెండు వేసేది. తను మాత్రం పొద్దుగూకేదాకా మంచినీళ్లతో ఉండేది. ఎడమ చెయ్యి కాస్త లాగితే చాలు, నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. బాపు ముఖం గుర్తొచ్చి దుకాణం వెనక్కి వెళ్లి ఏడ్చేవాణ్ణి. ఇంత నిష్ఠగా ఉండి మళ్లీ పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ ఇంకా పెరిగింది.

జగిత్యాల డాక్టరు దగ్గర అమ్మ నా ఒక్కపొద్దుల వైనమంతా గర్వంగా చెప్పింది. ఆయన గారెల దాకా విని పెన్ను పక్కన పెట్టాడు.

"అమ్మా, గా నెయ్యి, డాల్డా బందు పెట్టుండ్రి. కాని తప్పంత తిండిది గాదు. కొలెస్ట్రాల్ లేకుంటే ఒళ్లే నిలవది, అందుకే లివర్ దాన్ని సొంతంగ తయారు చేస్తది. రక్తంల మిగిలినదాన్ని మల్ల లివరే గుంజుకోవాలె. నీ కొడుకు లివర్ సక్కగ గుంజుకుంటలేదు. మిగిలింది పోయి రక్తం పారే నరాల గోడలకు పట్టుకుంటది. గిది పుట్టుకతోని వచ్చింది. వాళ్ల బాపుకు గూడ గిదే ఉండొచ్చు. రోజు గోలి ఏసుకోవాలె."

"గోలీతోని ఆగుతదా సారు?" అమ్మ అడిగింది.

"శానా వరకు ఆగుతది."

కోరుట్ల మీదుగా పోయే మెట్‌పల్లి బస్సులో తిరిగొచ్చాం, జనం కిక్కిరిసి ఉన్నారు. అమ్మ కిటికీ వైపు చూస్తూనే, "ఉత్తగ తిట్టిన గద మీ బాపును, తిన్నప్పుడల్ల. ఆఖరి దినం గూడ తిట్టే పంపిన" అంది.

ఇప్పుడు నేను బాపు చూడని వయసులో ఉన్నాను, పొట్టతో సహా. రోజూ గోలీ మింగి, ఆ బెల్టు కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. శనివారం అమ్మ ఇప్పటికీ ఒక్కపొద్దుంటుంది. నాకు పూరీలు చేయదు. మటన్ వండిన రోజు మాత్రం ముందు బాపు ఫొటో దగ్గర ఒక గిన్నె పెడుతుంది, ముక్కలు ఎక్కువేసి.