చిన్నకోడలి చేపలు

పోర్ట్‌బ్లెయిర్‌కు ఉత్తరాన, మాయాబందర్‌లో మా ఇంటి వెనక, వాలు దిగితే చిన్న మంచినీటి చెరువు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా మామగారు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి, ఆ నీళ్లు చూసే అక్కడ పాక వేసుకున్నారట. నేను పెద్దకోడలిగా వచ్చేనాటికి ఆ చెరువు నిండా తూనీగలు. బిందె ముంచితే నీళ్లతోపాటు గోధుమరంగు పురుగులు వచ్చేవి. అవే గడ్డి పరకలు పట్టుకుని పైకి పాకి, పొర విడిచి, రెక్కలతో ఎగిరిపోవడం ఎన్నో పొద్దుల్లో చూశాను.

మగవాళ్లు సముద్రం నుంచి తెచ్చిన చేపల్లో అమ్ముడుపోనివాటికి ఉప్పు పెట్టి, అత్తా నేనూ పెరట్లో ఎండబెట్టేవాళ్లం. తూనీగలు గుంపుగా నేలకు దగ్గరగా ఎగురుతుంటే, "అత్తా, ఎండుచేపలు లోపల పెట్టేద్దాం" అనేదాన్ని. చాలాసార్లు వాన వచ్చేది. "మా పెద్దదానికి వాన కబురు ముందే తెలిసిపోద్ది" అని అత్త ఇరుగుపొరుగుకు చెప్పేది. నాకింకా పిల్లలు పుట్టలేదు. ఆ ఇంట్లో నా విలువంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నట్టుండేది.

తర్వాత మరిదికి పెళ్లయింది. చిన్నకోడలు పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో నవ్వు. మొదటిసారి పుట్టింటికి వెళ్లి వస్తూ డబ్బాలో చేపపిల్లలు తెచ్చి మా చెరువులో వదిలింది. తిలాపియా అంది.

"తుఫాన్ వస్తే పడవ కదలదు కదా అత్తా. ఘర్ పక్కనే మచ్చీ ఉంటే పరేషానీ ఏటి?"

అవి చూస్తుండగానే చెరువంతా నిండిపోయాయి. వానాకాలంలో మగవాళ్లు పడవ లాగి ఒడ్డున పెట్టేశాక, ఆమె చిన్న వల విసిరేది, సాయంత్రానికి కూర. పుట్టినప్పటి నుంచి సముద్రపు చేప తప్ప తినని మా అత్త, ఆ బురద వాసన చేపను చప్పరించుకుంటూ తిని, "సిన్నది సల్లటి సెయ్యే" అంది. నేనూ తిన్నాను. కూర బాగుంది. బాగుండడమే నాకు మింగుడుపడలేదు.

రెండో ఏడు వానలకు బిందెలో పురుగులు రావడం మానేశాయి. గడ్డి పరకలకు పొరలు లేవు. ఎప్పుడో ఒక తూనీగ ఎక్కడినుంచో వచ్చి, నీటి మీద ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయేది. ఒకరోజు ఎండ కాస్తుండగానే వాన విరుచుకుపడి పెరట్లో చేపలన్నీ నానిపోయాయి.

"ముందే సెప్పేదానివి కదే, ఏటైంది నీకు?" అంది అత్త.

"తూనీగలేవీ అత్తా? ఈ చేపలొచ్చాక ఒక్కటీ లేదు."

"తూనీగల్ని కూరొండుకుంతామేటే? సిన్నదంతే కుళ్లు నీకు!"

ఆ మాట నిజమే. కానీ తూనీగల సంగతీ నిజమే. రెండూ ఒకేసారి నిజమైతే ఎవరు నమ్ముతారు?

చిన్నకోడలు నమ్మింది. మర్నాడు చేపలు శుభ్రం చేస్తూ కత్తిపీట ముందు నుంచి కేకేసింది.

"దీదీ, ఇటు రా! దేఖో!"

చేప కడుపులో పసరు ముద్ద. అందులో గోధుమరంగు కాళ్లు, చిన్న తల. నా బిందెలో పురుగే. ఇంకో చేపను కోసింది, అందులోనూ ఉంది. అత్తను చేయి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. "దీదీ సహీ చెప్పింది అత్తా, గల్తీ నాదే" అంది.

అత్త వంగి చూసి, "సిన్నదానికి ఎంత తెలివే!" అంది.

నేనక్కడే నిలబడి ఉన్నాను. కూర ఆమెది, మంచితనం ఆమెది, చివరికి నా ఫిర్యాదు కూడా ఆమెదే అయిపోయింది. ఆమె కాస్త చెడ్డదైనా నాకు సుఖంగా ఉండేది.

ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు, ఆ చేపల్ని వదిలించుకోవాలని వలలేసి పట్టగలిగినన్ని పట్టేశాం. బురదలో మిగిలిన నాలుగూ తొలివానలకే మళ్లీ చెరువు నింపేశాయి. చివరికి చిన్నకోడలే తూనీగల కోసం మరిది చేత వాలు పైన వేరే గుంట తవ్వించింది, అందులో చేపను వెయ్యనివ్వలేదు. వాననీరు నిలిచింది, గట్టున గడ్డి పెరిగింది, ఆ మరుసటి ఏడు తూనీగలు లేచాయి. గడ్డి తెచ్చి నాటింది నేను. వీధి వాళ్లందరూ దాన్ని చిన్నకోడలి గుంట అన్నారు. "దీదీ గుంట" అని ఆమె ఎంత సరిదిద్దినా వినలేదు. ఆమె సరిదిద్దిన ప్రతిసారీ నాకు ఇంకాస్త మండేది.

మరిదికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగం రావడంతో వాళ్లు డాలీగంజ్ వెళ్లిపోయారు. ఇక ఈ ఇల్లు నాదే అనుకున్నాను. వారం తిరక్కుండానే వంటింట్లో నవ్వు లేక చెవులు దిబ్బెళ్లు పడ్డట్టయింది.

ఆమె మొదటిసారి మమ్మల్ని చూడ్డానికి వస్తున్న రోజు, అత్త కొత్తచీర కట్టుకుని బయల్దేరేలోపే నేను జెట్టీకి వెళ్లిపోయాను. పడవ దిగుతూ ఆమె నా వెనక వైపు చూసి, "అత్త ఏది దీదీ?" అంది.

"వస్తాదిలే," అన్నాను సంచీ అందుకుంటూ. "నీ కబుర్లు ముందు నాకు చెప్పు."