బదులుగా ఏమీ తీసుకోలేదు

ఇంజనీరింగ్ సీటు నిలవాలంటే నెలాఖరులోగా ఫీజు కట్టాలి. బ్యాంకు విద్యారుణం మొత్తం ఫీజుకి రాదు, కొంత వాటా ఇంటివాళ్లే పెట్టుకోవాలి. ఆ వాటా అక్క నా ఖాతాలో వేసింది. డిప్లొమా చదివిన నాకు ఇది మూడు మెట్ల లెక్కలా కనిపించింది, చోడవరం బ్యాంకులో కూర్చునేదాకా.

లోన్లు చూసే మేడమ్ పాస్‌బుక్ తిరగేసి ఒక అంకె మీద పెన్ను ఆపింది.

"ఇది ఎవరిచ్చారు?"

"మా అక్కండి. రావికమతంలో ఇచ్చాం. పాడి ఉంది."

"అప్పా, ఊరికే ఇచ్చారా?"

"ఊరికేనండి."

"అయితే ఆ మాట రాసివ్వాలి. అప్పయితే మీ నాన్నగారి బాకీల్లో కలుపుతాం. అప్పుడు లోను తగ్గుతుంది."

నమూనా ఉత్తరం చేతికిచ్చింది. ఇచ్చిందెవరు, ఏ సంపాదన లోంచి ఇచ్చారు, తిరిగి ఇవ్వనక్కర్లేదు, బదులుగా ఏమీ తీసుకోలేదు. కింద అక్క సంతకం, దాని కింద లోనులో నాతోపాటు బాధ్యుడిగా నాన్న సంతకం. నా ఫైలులో మార్కుల మెమోల నుంచి ఆదాయ ధ్రువపత్రం దాకా అన్నీ వరసలో ఉన్నాయి. మిగిలింది ఇదొక్కటే, సాయంత్రానికి అయిపోతుందనుకున్నాను.

ఇంటికొచ్చి ఉత్తరం చదువుతుంటే నాన్న ఆవుకి కుడితి కలుపుతూ విన్నాడు. 'తిరిగి ఇవ్వనక్కర్లేదు' దగ్గర చెయ్యి ఆగింది.

"ఆ ముక్క కొట్టీ."

"కొట్టేస్తే అప్పయిపోద్ది నాన్నా."

"అప్పే కదా మరి. చెరుకు డబ్బులు రాగానే ఇచ్చీస్తాను. ఆడపిల్ల సొమ్ము తిని తేన్చమంటావేట్రా?"

కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆమె ఇంట తండ్రి చెయ్యి కడగకూడదు, మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది మా ఇంటి ఆనవాయితీ. అక్క పెళ్లయి మూడో ఏడు, ఇంకా పిల్లల్లేరు. నాన్న రావికమతం వెళ్తే మోపెడ్ సంచిలో మంచినీళ్ల సీసా పెట్టుకునే వెళ్తాడు. అక్క టీ పెడితే బావ తాగుతాడు, నాన్న చూస్తాడు.

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలవలేదు. పనేమీ లేకుండానే చోడవరం బస్సు కాంప్లెక్సు దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. ఫైలు విప్పి, ఉన్న వరసలోనే మళ్లీ సర్దేవాణ్ణి. అన్నం దగ్గర కూర్చున్నా, చేలో నీళ్లు కడుతున్నా నాన్న వెనకాలే తిరిగి చెప్పేవాణ్ణి: అప్పని రాస్తే లోను ఎంత తగ్గుతుందో, తగ్గితే సీటు ఎలా పోతుందో. ఆయన చివరిదాకా వినేవాడు. "నువ్వు సెప్పిందంతా నిజమేరా," అనేవాడు. అంతే.

ఆఖరికి అక్కకి ఫోన్ చేశాను. స్కూటీ మీద వచ్చింది. ముందు తన సంతకం పెట్టేసి కాగితం నాన్న ముందుకి తోసింది.

"నాన్నా, పెళ్లికి ముందు ఆడి పుస్తకాలకి డబ్బులిచ్చింది నేను కాదేటి?"

"అప్పుడు వేరు."

"ఏటి వేరు? అప్పుడూ పాల డబ్బులే, ఇప్పుడూ పాల డబ్బులే."

"అప్పుడు ఆవు నాది."

"అయితే నీ అల్లుణ్ణి అడిగి ఆవుని తోలుకొచ్చీ, నీదయిపోద్ది," అని అక్క నవ్వింది. నాన్న నవ్వలేదు. ఆవు పక్కన కట్టిన పెయ్య వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే, అడక్కుండానే సంతకం పెట్టాడు. ఎందుకని అడిగే ఓపిక నాకు లేదు. బ్యాంకుకి పరిగెత్తి ఇచ్చేసి వచ్చాను.

ఆ సాయంత్రం అక్క ఫోన్. "ఒరే, నాన్న పెయ్యని ట్రాలీ ఆటోలో తెచ్చి దించీసి వెళ్లిపోయేడు. గుంజ కూడా ఆయనే పాతీసేడు. మంచినీళ్లిస్తే సీసా సూపించేడు."

అక్క పడీపడీ నవ్వుతోంది. నాకు మాత్రం ఉత్తరంలో ఆఖరి వాక్యమే కళ్ల ముందు ఆడింది. బదులుగా ఏమీ తీసుకోలేదు. కింద రెండు సంతకాలు. ల్యాబులో రీడింగ్ రాశాక సూది కదిలితే, కదిలిందని రాయాలి. మాకు అలాగే నేర్పారు. నాన్నని అడగలేదు. ఆయన ఏం చెబుతాడో తెలుసు.

పొద్దున్న బ్యాంకు తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. చెప్పాను.

"పెయ్యా?" అంది మేడమ్.

"జెర్సీయేనా?" అన్నాడు పక్క కౌంటరాయన, తల తిప్పి.

"పెయ్యకి మా దగ్గర కాలమ్ లేదు బాబూ. ఈ డబ్బుకి బదులుగా ఇచ్చారా, మామూలుగా ఇచ్చారా? నాకు అదొక్కటే కావాలి. మీ నాన్నగారికి కలపండి."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. నాన్న చేలో ఉన్నాడు, వెనక మోటారు చప్పుడు. మేడమ్ అడిగింది. చాలాసేపు మోటారే వినిపించింది. అవును, బదులే అంటే ఉత్తరం చెల్లదు, డబ్బు అప్పుల్లోకి వెళ్తుంది, సీటు పోతుంది. ఈ సంగతి నాన్నకి బాగా తెలుసు. అన్ని రోజులు వెంటపడి చెప్పింది నేనే.

"బదులేటి మేడమ్. ఆడపిల్లకి పెయ్యనిచ్చుకుంటాం. డబ్బుకీ దానికీ ఏటీ లేదు."

"అంటే అమ్మాయి డబ్బు ఊరికే తీసుకున్నట్టేనా?"

మళ్లీ మోటారు.

"ఊరికే తీసుకున్నట్టే."

మేడమ్ ఉత్తరం పక్కన టిక్ పెట్టింది.

ఇంటికెళ్లేసరికి నాన్న పెయ్య తాడు చుట్టి చూరులో దోపుతున్నాడు. "నేను సెప్పింది సాలా?" అన్నాడు నా వైపు చూడకుండా. "సరిపోయింది నాన్నా," అన్నాను.

లోను వచ్చింది, ఫీజు గడువులోనే కట్టాం. హాస్టల్‌కి పెట్టె సర్దుకుంటుంటే అక్క ఫోన్ చేసింది. ఈసారి నవ్వడం లేదు.

"ఒరే, నాన్న పెయ్యని సూడ్డానికి వచ్చేడు. సీసా తేలేదు. నేనిచ్చిన మంచినీళ్లు తాగేడు, సగం గ్లాసు. ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది," అన్నాను. సర్దిన బట్టలు పెట్టెలోంచి తీసి, మళ్లీ మొదటి నుంచి సర్దడం మొదలుపెట్టాను.