నేను దూకానా బాబాయ్?

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్న కాలం ఒకటుంది. మా నాన్న చెల్లెలు, మా అత్త, గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజులవి. మిరపకాయల కోతకు వెళ్ళి తిరిగొస్తుండగా, ఆడవాళ్ళు ఎక్కిన ట్రాక్టరు ట్రక్కు కాలవ కట్ట మీద ఒరిగిపోయింది. మిగతావాళ్ళు చేతులూ మోకాళ్ళూ గీరుకుపోయి బయటపడ్డారు. అత్త మాత్రం విసురుగా వెళ్ళి రాళ్ళ మీద పడింది. వెన్ను దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది.

ట్రాక్టరు తోలింది దాని యజమానే. మా వీధి చివరి మేడ ఆయనది. ఆ సాయంత్రం ఆయన తాగి ఉన్నాడని ట్రక్కులోని వాళ్ళందరికీ తెలుసు. కానీ ఊళ్ళో ఆయన చెప్పుకున్నది వేరు. బండి కాస్త ఊగేసరికి ఆ పిల్లే కంగారుపడి దూకిందట. తెల్లారితే ఆయన చేలోకే కూలికి పోవాల్సిన ఆడవాళ్ళు నోరు విప్పలేదు.

అత్తను వెనక గదిలో పడుకోబెట్టారు. పుండ్లు పడకుండా నాయనమ్మ ఆమెను అటూ ఇటూ తిప్పేది. మూత్రం గొట్టం ఎవరికీ కనబడకుండా దుప్పటి కప్పేది. ఒకసారి అత్త దిండ్లకు ఆనుకుని వేడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింటుంటే, తొడ కాలి బొబ్బలెక్కినా ఆమెకు తెలియలేదు. నాయనమ్మ ఏడ్చింది. అత్త ఏడవలేదు. ఆ బొబ్బల వంక చూస్తూ, "నేను దూకానంటాడా!" అంది.

ఆ మర్నాడే దూలానికి మోకు కట్టించుకుంది. దాన్ని పట్టుకుని తనంతట తాను లేవబోతే మొదట్లో కళ్ళు తిరిగి వెనక్కి పడిపోయేది. తిట్టుకుంటూ మళ్ళీ పట్టుకునేది. ఆమె భుజాలు గట్టిపడ్డాక, నాన్న ఎక్కడినుంచో పాత చక్రాల కుర్చీ తెచ్చాడు. అది వీధి గడప దాటలేదు. అత్త వడ్రంగిని పిలిపించింది.

"పసుపు రాసిన గడపే! తీసేస్తారా ఎవరన్నా?" అని నాయనమ్మ అడ్డం నిలబడింది.

"గడప కావాలా, నేను కావాలా?" అంది అత్త.

గడప పోయింది. పొద్దున్నే అత్త వీధి అరుగు పక్కకు వచ్చి కూర్చునేది. గాలి కోసమనుకున్నాం. మేడాయన పొలానికి పోయే వేళ అది.

"బాబాయ్, బాగున్నారా?" అని మొదటి రోజే వీధంతా వినబడేలా పలకరించింది. ఆయన తలూపాడు. "ఆ రోజు నేను దూకానా బాబాయ్?"

ఆయన గబగబా అడుగులేసి వెళ్ళిపోయాడు. మర్నాడూ అదే పలకరింపు, అదే ప్రశ్న. గొంతులో మర్యాద తగ్గలేదు. నీళ్ళ బిందెలతో పోయే ఆడవాళ్ళు ఆగి వినేవాళ్ళు. ఆయన ముఖం మాడిపోవడం చూసి అత్త ఆ పూట కడుపు నిండా తినేది. కొన్నాళ్ళకు ఆయన వీధి మానేసి చేలగట్ల మీదుగా పోవడం మొదలెట్టాడు. వానలు పడి నల్లరేగడి కాలు పెట్టనివ్వకపోయేసరికి మళ్ళీ మా వీధికే వచ్చాడు. అత్త అక్కడే ఉంది.

"నేను దూకానా బాబాయ్?"

ఆ రోజు ఆయన ఆగాడు. "దూకలేదమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నేనే తాగి తోలాను. క్షమించు."

"నాకు తెలియని సంగతా? వాళ్ళకి చెప్పు." బిందెలు దించి నిలబడ్డ ఆడవాళ్ళను చూపించింది. ఆయన వాళ్ళవైపు తిరిగి అదే మాట చెప్పాడు. ఆ ట్రక్కులోనే ఉన్న పక్కింటి అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నిజం చెప్పావు, మంచిది," అంది అత్త. "క్షమించడం మాత్రం నా వల్ల కాదు. ఇక వెళ్ళు."

ఆ తర్వాత ఆమె ఆయన్ను మళ్ళీ పలకరించలేదు. చేత్తో తిప్పే కుట్టుమిషను తెప్పించుకుని, వీధి ఆడపిల్లలందరికీ జాకెట్లు కుట్టడం నేర్పింది. నలుగురిలో ఘొల్లున నవ్వేది. ఒకరోజు గుండీలు కుడుతూ అడిగాను, ఇంకా కోపముందా అత్తా అని.

"ఎందుకుండదే? కాళ్ళు రాలేదుగా," అంది, దారం కొరుకుతూ.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఒకరి చేతిలో దెబ్బ తిన్నవాళ్ళు గోడు చెప్పుకోవడానికి వచ్చి నా దగ్గర కూర్చుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు పోనీలే, క్షమించెయ్యమంటారు. నాకు ఆ మాట నోటికి రాదు. చేసినవాడు నలుగురిలో ఒప్పుకున్నాడా అని ముందు అడుగుతాను.