బాతులకు వేసిన బ్రెడ్డూ లెక్కే

లండన్‌లోని హౌన్స్‌లోలో ఎమ్మెస్సీ చదివే మణిదీప్‌కు పరిమితులంటే భక్తి. వీసా ప్రకారం కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు గనుక, గోదాములో డ్యూటీ ముగిశాక కాళ్ల దగ్గర పడ్డ పెట్టెను సైతం ఎత్తడు.

అతను అద్దెకుండే ఇంటివాళ్లమ్మాయి, పన్నెండేళ్ల మధులిక, బేస్‌బాల్ జట్టులో కుడిచేత్తో బంతులు విసురుతుంది. లేత భుజాలు పాడవకుండా, రోజుకు ఇన్ని బంతులు దాటితే విశ్రాంతి ఇవ్వాలని నియమం. పిల్లల ఆరోగ్యం గురించి తల్లిదండ్రులంతా ఉపన్యాసాలిచ్చేవారే. లెక్కపెట్టమంటే మాత్రం అందరికీ పనులే. ఆ పని మణిదీప్ మీద పడింది.

ఫైనల్లో ఆఖరి బ్యాటర్ మిగిలి ఉండగా అతను లేచి ఆట ఆపించాడు.

"మధులిక కోటా అయిపోయింది. దిగాలె."

"ఇంకా బోలెడున్నాయి కదయ్యా!" అన్నాడు వాళ్ల నాన్న సుబ్బరాజు.

"పొద్దుగాల పార్కుల బాతులకు బ్రెడ్ ఇసిరింది అంకుల్, నేను చూసిన. భుజానికి బంతైతేంది, బ్రెడ్డైతేంది?"

వేసవంతా ఈ ఆట కోసమే ఎదురుచూసిన మధులికకు ఏడుపొచ్చింది. "దట్ వాజ్ మై లెఫ్ట్ హ్యాండ్, అంకుల్!"

అంకుల్ అన్న మాట ఇరవై నాలుగేళ్ల మణిదీప్‌కు గుచ్చుకుంది. అయినా న్యాయం న్యాయమే. బ్రెడ్డు ముక్కలన్నీ లెక్కలోంచి తీసేసి కూర్చున్నాడు.

మధులిక ఆ బ్యాటర్‌ను అవుట్ చేసి జట్టును గెలిపించింది. మణిదీప్ ఆనందం పట్టలేక టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

"రైట్ హ్యాండ్, అంకుల్," అంది మధులిక. "దట్స్ వన్."

కాదనలేక, అతను లెక్క కాగితం మీద తన పేరు రాసుకుని దాని పక్కన ఒక గీత గీశాడు.