ఉప్పు చల్లిన నీలం

అమ్మకు ఒక కన్ను ఏనాడో పోయింది. రెండోదానికి శుక్లం ముదిరి, రెండేళ్లుగా మనుషులను గొంతు బట్టి పోల్చుకుంటోంది. ఆ కంటికే శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి, కట్టు మర్నాడు విప్పుతామని ఇంటికి పంపారు. ఇదీ పోతే ఇంక ఆవిడకు చూపన్నదే లేదు. ఆ సాయంత్రం నౌపడలో మా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఇంకు సీసాలు ముందేసుకుని కూర్చున్నాను. కట్టు విప్పగానే అమ్మ చూడ్డానికి ఒక కార్డు చేయాలనిపించింది.

గ్రీటింగ్ కార్డులు నేను ఇంట్లోనే చేస్తాను. దళసరి అట్టను తడిపి, నీలం ఇంకు పూసి, అది ఆరకముందే రాళ్ల ఉప్పు చల్లుతాను. ఒక్కో ఉప్పురాయి చుట్టూ ఉన్న ఇంకును పీల్చుకుని, తెల్లటి పువ్వులాంటి మచ్చ వదులుతుంది. పూర్తిగా ఆరాకే ఉప్పు దులపాలి. నాకు ఆ ఓపిక ఎక్కడిది? మొదటి అట్టను ఐదు నిమిషాలకే దులిపాను. నీలమంతా అలుక్కుపోయింది. రెండోదాన్ని ఫ్యాను కింద పెట్టి, నిమిషానికోసారి వేలితో ముట్టి చూసి, దాన్నీ తగలేశాను.

ఉప్పు చప్పుడు మంచం మీదున్న అమ్మ చెవిన పడింది.

“ఉప్పు దేనికే? సేపలేటైనా తెచ్చినావేటి?”

“కార్డుకమ్మా. రేపు నువ్వు సూడ్డానికి.”

“నాకు కనబడకపోతే?”

“నోర్ముయ్యమ్మా! కనబడతాది!”

అరిచాక నాకే సిగ్గేసింది. కంటికి కట్టుతో ఉన్న మనిషి మీదా నా ప్రతాపం! మూడో అట్ట మీద ఉప్పు చల్లి, వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. అది ఆరేదాకా బయటికి రాలేదు.

పొద్దున శ్రీకాకుళం ఆస్పత్రిలో డాక్టరు కట్టు విప్పాడు. అమ్మ రెప్పలార్పింది. కార్డు చేతిలో పెట్టాను. దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది, ఒళ్లో పెట్టేసుకుంది.

“కనబడతన్నాదా అమ్మా?”

అమ్మ తలెత్తి నాకేసి చూసింది. చెయ్యి చాచి నా పాపిడి దగ్గర తడిమింది.

“ఏటే, నీ తల ఇలాగ ముగ్గుబుట్టయిపోనాదేటే? నాకొక్కరైనా సెప్పలేదేటి?”

డాక్టరు నవ్వాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. చూసి తిట్టే మనిషికే చూపు లేనప్పుడు ఇంకెవరి కోసమని, రెండేళ్లుగా తలకు రంగేసుకోవడమే మానేశానని ఆవిడతో ఎలా చెప్పను?