పదమూడో కమాను

టాక్సీ స్టాండులో అతన్ని అందరూ పదమూడు అంటారు. ఆ పేరు రావడానికి కారణం ప్రైవేటు టీచరమ్మ. ముప్పై ఏళ్ళ కిందట అతను ఆవిడ ముందుగదిలో ప్రైవేటు చదివేవాడు. నది ఒడ్డు ఊళ్ళోని పాత రాతి వంతెనకు కమానులెన్ని అని పరీక్ష పెడితే, పుస్తకంలో పన్నెండని ఉండగా పదమూడని రాశాడు. ఆవిడ ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది. "మా నాన్నతో వెళ్ళి లెక్కపెట్టాను టీచర్" అన్నాడు. పుస్తకం కన్నా నీకెక్కువ తెలుసా అని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. మర్నాటికల్లా పిల్లలు పేరు పెట్టేశారు. ఎందుకు పెట్టారో ఇప్పుడు వాళ్ళిద్దరికే గుర్తుంది.

పోయిన వారం అతను ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నలభై దాటిన మనిషి, సొంత కారు, కొంచెం పొట్ట.

"మా పాపని మీ దగ్గర ప్రైవేటులో వేద్దామనుకుంటున్నా టీచర్."

"వెయ్యరా. సోమవారం నుంచి పంపు."

"దానికి ముందు మీరొకసారి నాతో వంతెన ఊరికి రావాలి. మీరొక్కరే, ఇంకెవర్నీ ఎక్కించను. అది కూడా ప్రైవేటే. కాకపోతే పాఠం నేను చెప్తా."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే భయం వేసింది.

రెండేళ్ళుగా ఆవిడ చూపు అంచుల నుంచి తరిగిపోతోంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది లేనట్టే. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు వేస్తే ఉన్నది కొంతకాలం నిలుస్తుంది అన్నాడు డాక్టరు. ఎంతకాలమని అడిగితే కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉండిపోయాడు. పుస్తకం తెరిస్తే అక్షరం దొరుకుతుంది, వాక్యం దొరకదు. అందుకని పిల్లల చేతే పైకి చదివించడం మొదలుపెట్టింది. తల్లిదండ్రులు అదేదో కొత్త పద్ధతి అనుకుని మెచ్చుకున్నారు కూడా. పాఠాలన్నీ ఆవిడకు నోటికి వచ్చు కాబట్టి ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

ఇంట్లోనూ తెలియదు. ఇల్లు తమ్ముడిది. ప్రైవేటు నడిచినన్నాళ్ళూ ముందుగది ఆవిడది. ఆగిపోతే అందులో కుట్టుమిషన్లు వేసుకుందామని మరదలు ఇప్పటికే గది కొలిచిపెట్టుకుంది. మరదలు చెడ్డదేమీ కాదు, ముందుచూపు ఎక్కువ. ఆ రోజొస్తే ఆవిడ వంటింటి పక్కనున్న మంచం మీదికి మారాలి. అడిగినప్పుడు మాట్లాడి, పెట్టినప్పుడు తిని, మిగతా పొద్దంతా గోడను చూస్తూ కూర్చోవాలి. ఇప్పుడు మిగిలింది నలుగురు పిల్లలు, అందులో ఇద్దరు ఈ ఏడాదితో సరి. పదమూడు కూతురు చేరితే ఆ పిల్ల వెనకాల స్టాండులో వాళ్ళ పిల్లలు మరో నలుగురు వస్తారు. కాబట్టి రానంటే కుదరదు.

ఆదివారం పొద్దున్నే కారు వచ్చింది. అతను మర్యాదగా వెనక తలుపు తీశాడు. ఆవిడ ముందు కూర్చుంటానంది. ముందైతే రోడ్డొక్కటే చూస్తే చాలు. దారి పొడుగునా అతను నోరు మూస్తే ఒట్టు. గోడ వైపు నిలబడ్డ రోజు సున్నంలో ఎన్ని పగుళ్ళున్నాయో లెక్కపెట్టానని చెప్పి పకపకా నవ్వాడు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. క్షమించరా అందామనుకుంది గానీ, అంత చిన్న మాటకు నోరు రాలేదు.

ఊరు ఇరుకు. సందు సందులో బొమ్మ వంతెనలు అమ్ముతున్నారు. పదమూడు ఒకటి చేతికి తీసుకుని, "దీనికి మూడే టీచర్. చేసినవాడికి ఓపిక అంతవరకే ఉంది" అన్నాడు. నది దగ్గరికి దిగడానికి మెట్లున్నాయి. ఆవిడ ఒక్కో మెట్టూ చెప్పుతో తడుముకుంటూ దిగింది.

"ఏమైంది టీచర్?"

"మోకాళ్ళురా."

కింద నీళ్ళ పక్కన నిలబడి తలెత్తింది. ఒక కమాను కనిపించింది. తడిసి నల్లబడ్డ రాళ్ళు, సందుల్లో పచ్చని నాచు, కింద నీటి వెలుగు పైకి కొట్టి రాయి మీద కదులుతోంది. ఇన్నేళ్ళు నోటితో చెప్పింది ఇంత అందంగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. అన్నీ మరిచిపోయి సంతోషపడింది. తర్వాత ఒక్కోదాన్నీ వెతుక్కుంటూ లెక్కపెట్టింది. ఏడు దగ్గర వరస తప్పింది. మొదటికొచ్చి మళ్ళీ మొదలుపెడితే ఈసారి అయిదు దగ్గరే తప్పింది.

"పన్నెండు నీళ్ళలో ఉన్నాయి టీచర్. పదమూడోది ఒడ్డెక్కి ఆ ఇళ్ళ కింద దాక్కుంది. పుస్తకం రాసినాయన పడవలోంచి చూసుంటాడు. అదిగో, కనిపించిందా?"

ఆవిడ తల తిప్పింది. గోడ, కిటికీ, ఎవరిదో వీపు, మళ్ళీ గోడ. కనిపించలేదంటే, ఈ ముసలావిడ పంతం ఇంకా వదల్లేదనుకుంటాడు. కళ్ళ సంగతి చెప్తే కూతుర్ని పంపడు.

"కనిపించింది. పదమూడే. అప్పుడు తప్పు నాదిరా."

అతను పొంగిపోయాడు. "ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్తా టీచర్" అన్నాడు. ఆ సంబరంలో పంతులుగారిలా గొంతు సవరించుకుని, "అయితే దాని కింద ఏముందో చెప్పండి" అన్నాడు.

చదవకుండా వచ్చిన పిల్లలు ఏం చేస్తారో ఆవిడకు తెలుసు. జవాబు కోసం అడిగినవాడి మొహంలోకి చూస్తారు. ఆవిడా చూడబోయింది. అతను ఏ పక్కన నిలబడ్డాడో దొరకలేదు.

"పడవ" అంది.

అతను దగ్గరికొచ్చి ఆవిడకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఎర్ర గొడుగు టీచర్" అన్నాడు మెల్లగా. "పూలకొట్టు వాళ్ళది. మంచమంత ఉంది." ఆగి, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

"రెండేళ్ళు."

మెట్లు ఎక్కేటప్పుడు మోచేయి పట్టుకున్నాడు. మోకాళ్ళ గురించి ఇక అడగలేదు. తిరుగుదారిలో అతను మాట్లాడకపోయేసరికి ఆవిడే మొదలుపెట్టింది.

"పాఠాలన్నీ నాకు నోటికొచ్చురా."

"తెలుసు టీచర్."

"లెక్కలు కూడా. పుస్తకంతో పని లేదు నాకు."

"తెలుసు టీచర్."

తన దగ్గర చదువుకున్న పిల్లవాడి ముందు ఇలా బతిమాలుతున్నందుకు ఆవిడకు సిగ్గేసింది. ఆపుదామన్నా ఆగలేకపోయింది. పాప ఏ లెక్కల్లో వెనకబడిందో అడిగింది, భాగహారాలనగానే అవి మరీ తేలికంది, పదిరోజుల్లో దారిలో పెడతానంది. స్టాండులో ఎవరితోనూ అనకురా అని మాత్రం అడగలేదు.

ఇంటి ముందు కారాపి, ఇటు తిరిగొచ్చి తలుపు తీసి, గుమ్మం దాకా నడిపించాడు. లోపల మరదలు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది.

"మరి సోమవారం పంపుతావు కదరా పాపని?" అంది ఆవిడ.

"చూద్దాం టీచర్" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆ మాట అని వెళ్ళినవాళ్ళెవరూ పిల్లల్ని పంపలేదు.